అణుశక్తి పరిశ్రమలో మన గ్రామముల ఇంజనీర్లకు గల మార్గములు

హైదరాబాదునుండి పడమరగా బీజాపురము పోవు రాజమార్గముపై మొదట మొయినాబాదు, పిదప చేవెళ్ల వచ్చును. మార్గమునకు ఇరుప్రక్కల తరతరములనాటి మఱ్ఱిచెట్లు, వాని వెనుక టమాట, క్యారెట్టు తోటలు, బంతి, గులాబి పూల మళ్లు ఈ ప్రాంతమునకు చిరకాలముగా గుర్తులు. మూసీనదిపై 1920లో ముగిసిన ఉస్మాన్‌సాగరము, ఈసీనదిపై 1927లో ముగిసిన హిమాయత్‌సాగరము ఈ గ్రామములకు చేరువనే ఉన్నవి. ఆ జలాశయముల నీటిని కాపాడుటకై 1996లో ప్రభుత్వము 111వ సంఖ్యగల ఉత్తర్వును జారీచేసి, 84 గ్రామములలో కాలుష్యము కలిగించు పరిశ్రమలను నిషేధించినది. అందుచేత ఇచ్చట పెద్ద కర్మాగారములు వెలయలేదు. వెలసినవి ఇంజనీరింగు కళాశాలలు.

నేడు అజీజ్‌నగరు, చిలుకూరు మొదలగు గ్రామముల పొలిమేరలలో ఈ కళాశాలలు నడచుచున్నవి. మన గ్రామముల బాలబాలికలును వానిలో చేరుచున్నారు. తల్లిదండ్రులలో కొందరు ఎకరమో అరెకరమో అమ్మియు, కొందరు అప్పుచేసియు చదివించుచున్నారు. చదువు ముగిసిన పిదప ఏమి చేయవలెనను ప్రశ్నకు మాత్రము సాధారణముగా రెండే సమాధానములు వినవచ్చును: ఒకటి సాఫ్ట్‌వేరు ఉద్యోగము, రెండవది విదేశ ప్రయాణము. చిలుకూరు బాలాజీ దేవాలయమున వీసా కోరి పదకొండు ప్రదక్షిణలు చేయువారిని, కోరిక తీరిన పిదప నూటయెనిమిది ప్రదక్షిణలు చేయువారిని మనము చూచుచునే ఉన్నాము. ఈ రెండు దారులును మంచివే. అయితే ఇవి తప్ప వేరు దారి లేదనుకొనుట సరికాదు.

నగరమును దాటి తూర్పు కొసకు పోయినచో, మౌలాలి, కుషాయిగూడ ప్రాంతమున దేశములోని అణువిద్యుత్కేంద్రములకు ఇంధనము తయారుచేయు సంస్థయు, వానికి వలసిన ఎలక్ట్రానిక్ పరికరములు చేయు సంస్థయు కలవు. ఆ పరిశ్రమలో ఇంజనీరు ఎట్లు చేరును, చేరిన పిదప ఎట్లు పైకి వచ్చును అను సంగతి పంచాయతీ సభ్యులు తెలిసికొని, తమ గ్రామములోని విద్యార్థులకు తెలియజెప్పవలెనను ఉద్దేశముతో ఈ వ్యాసము వ్రాయబడినది.

అణుశక్తి పరిశ్రమ అనగా నేమి?

బొగ్గు మండించి నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరితో చక్రము త్రిప్పి విద్యుత్తు పుట్టించుట మనకు తెలిసినదే. అణువిద్యుత్కేంద్రములోను చక్రమును త్రిప్పునది ఆవిరియే. భేదమెల్ల వేడి ఎచ్చటనుండి వచ్చునను దానిలో ఉన్నది. యురేనియము అను లోహపు పరమాణువుల కేంద్రకములు చీలినపుడు మిక్కుటమైన వేడి పుట్టును. ఆ చీలికను అదుపులో నుంచి నడపు యంత్రమే రియాక్టరు. ప్రకృతిలో దొరకు యురేనియములో సులభముగా చీలు భాగము నూటికి ఒక పాలైనను లేదు, సుమారు 0.7 పాలు మాత్రమే. అట్టి యురేనియమునే వాడుకొనుటకు మన దేశము భారజలముతో నడచు రియాక్టర్లను ఎక్కువగా నిర్మించినది.

యురేనియము గనినుండి విద్యుత్తు తీగవరకు అనేక దశలు గలవు. ఖనిజము వెదకుట, త్రవ్వుట, శుద్ధిచేయుట, ఇంధనముగా మలచుట, భారజలము తయారుచేయుట, రియాక్టరును నిర్మించుట, నడపుట, కనిపెట్టుచుండు పరికరములు చేయుట, వాడిన ఇంధనమును భద్రపరచి శుద్ధిచేయుట అనునవి ముఖ్యమైనవి. ప్రతి దశకును ఇంజనీర్లు కావలెను. అందుచేతనే యంత్ర, విద్యుత్, ఎలక్ట్రానిక్స్, రసాయన, లోహ, నిర్మాణ, కంప్యూటరు శాఖలలో ఏ శాఖ చదివినవారికైనను ఇచ్చట చోటు కలదు. అణుశాస్త్రమే ప్రత్యేకముగా పట్టభద్ర స్థాయిలో చదివి యుండవలెనను నిబంధన లేదు. ఆ విద్యను ఉద్యోగములో చేర్చుకొన్న పిదప సంస్థలే నేర్పును. ఈ సంగతి తెలియకనే మన విద్యార్థులు పలువురు ఈ దారివైపు చూచుట లేదు.

తెలుగు నేలపై గల సంస్థలు

భారతదేశమున అణుశక్తి సంఘము 1948లోను, అణుశక్తి శాఖ 1954లోను ఏర్పడినవి. డాక్టరు హోమీ భాభా వీనికి మూలపురుషుడు. ఆయన నాయకత్వమున ముంబయి సమీపమున ట్రాంబేలో నిర్మించిన అప్సర అను తొలి రియాక్టరు 1956 ఆగస్టు 4వ తేదీన పనిచేయ నారంభించినది. 1966లో ఆయన విమాన ప్రమాదమున మరణించిన పిదప, 1967లో ట్రాంబే సంస్థకు భాభా అణుపరిశోధన కేంద్రమని పేరు పెట్టిరి.

అణువిద్యుత్ రియాక్టరు తెలంగాణములోగాని ఆంధ్రప్రదేశములోగాని ఇంతవరకు లేదు. కాని దాని వెనుకనుండు పరిశ్రమలో పెద్ద భాగము తెలుగు నేలపైనే కలదు. హైదరాబాదులోని బేగంపేటయందు అణుఖనిజ అన్వేషణ సంస్థ యొక్క ప్రధాన కార్యాలయమున్నది. దేశమెల్ల తిరిగి యురేనియము జాడలు తీయుట దాని పని. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియము గనియు, శుద్ధిచేయు మిల్లును 2012లో ప్రారంభమైనవి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరులో భారజల కర్మాగారము 1991నుండి నడచుచున్నది.

హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు 1971లో స్థాపింపబడినది. ఇచ్చట యురేనియము ఆక్సైడును చిన్న బిళ్లలుగా నొక్కి, కాల్చి గట్టిపరచి, జిర్కోనియము మిశ్రలోహపు గొట్టములలో నింపి, మూతులు మూయుదురు. 220 మెగావాట్ల రియాక్టరుకు అట్టి గొట్టములు పందొమ్మిదింటిని ఒక కట్టగా కూర్చెదరు. కట్ట పొడవు సుమారు అర మీటరు. అట్టి రియాక్టరు ఒక్కదానిలో 306 మార్గములుండును. ఒక్కొక్క మార్గములో 12 కట్టలు, మొత్తము 3,672 కట్టలు అమర్చుదురు. వీనిలో ఏ ఒక్క గొట్టపు అతుకు వదులైనను రియాక్టరు నడపువారికి చిక్కు వచ్చును. కనుక ఇచ్చటి ఇంజనీరునకు ఓర్పు, నిశితదృష్టి రెండును కావలెను.

దీనికి పొరుగున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ 1967 ఏప్రిల్‌లో ఏర్పడినది. రియాక్టర్లను నడపుటకు వలసిన నియంత్రణ పరికరములు చేయుటకే ఇది పుట్టినది. శాసనసభ, లోకసభ ఎన్నికలలో మనము మీట నొక్కు ఓటింగు యంత్రములను చేయు రెండు ప్రభుత్వ సంస్థలలో ఇది యొకటి. రెండవది బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్.

ఇవిగాక అణుశక్తి శాఖకు చెందని సంస్థలును ఈ పరిశ్రమకు వలసిన సామగ్రి చేయుచున్నవి. చేవెళ్లనుండి శంకరపల్లి మీదుగా పోదగిన రామచంద్రాపురములోని భారత్ హెవీ ఎలక్ట్రికల్స్, కంచన్‌బాగులోని మిశ్రధాతు నిగము, బాలానగరు ప్రాంతమున ఎం.టి.ఏ.ఆర్. అను ప్రైవేటు సంస్థ ఈ కోవలోనివి. కావున అణుపరిశ్రమలో ఉద్యోగమనగా రియాక్టరు ప్రక్కన నిలిచి పనిచేయుట మాత్రమే కాదని గ్రహింపవలెను.

ఒక గ్రామీణ యువకుని మార్గము

ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనుకు తొలి సారథి డాక్టరు అయ్యగారి సాంబశివరావు. ఆయన 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామమున జన్మించెను. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున చదివి, అచ్చటనే కొంతకాలము బోధించి, పిదప అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు నభ్యసించి స్వదేశమునకు మరలి వచ్చెను. భాభాగారి సహచరుడై ట్రాంబేలో ఎలక్ట్రానిక్స్ విభాగమును పెంచెను. అప్సర రియాక్టరునకు ఇంధనము బ్రిటనునుండి వచ్చినను, దాని నియంత్రణ పరికరములను మనవారే తయారుచేసిరి. ఆ అనుభవమే తరువాత హైదరాబాదులో ఒక పరిశ్రమగా రూపొందినది. ఆయన 2003లో కీర్తిశేషుడయ్యెను. నగరములోని ఎ.ఎస్.రావు నగరు ఆయన పేరిట వెలసినదే.

ఈ జీవితమునుండి రెండు సంగతులు నేర్వవచ్చును. విదేశమునకు పోవుట తప్పు కాదు. నేర్చినది ఎచ్చట ఉపయోగపడునని ఆలోచించుట ముఖ్యము. రెండవది, ఇంజనీరు ఒక విభాగములో పనివాడుగా చేరి, విభాగమునకు నాయకుడై, చివరకు ఒక సంస్థనే స్థాపించునంతటివాడు కాగలడు. ఈ పరిశ్రమలో అట్టి ఎదుగుదలకు క్రమమైన మెట్లు కలవు. వానిని ఇపుడు చూతము.

లోనికి పోవు మూడు ద్వారములు

మొదటి ద్వారము ఇంజనీరింగు పట్టభద్రులది. భాభా కేంద్రపు శిక్షణ పాఠశాల 1957లో ప్రారంభమైనది. ఇంజనీరింగు పట్టా, లేక భౌతిక, రసాయన, భూగర్భ శాస్త్రములు మున్నగువానిలో ఎం.ఎస్‌సి. పట్టా గలవారిని పరీక్షించి ఎన్నుకొని, ఒక సంవత్సరముపాటు వేతనమిచ్చి నేర్పుదురు. పట్టాలో నూటికి 60 మార్కులకు తగ్గరాదు. గేట్ అను జాతీయ పరీక్షలో వచ్చిన మార్కులను బట్టిగాని, సంస్థ స్వయముగా జరుపు పరీక్షను బట్టిగాని ముఖాముఖికి పిలుతురు. ఆ ముఖాముఖి చాల లోతైనది. కంఠస్థము చేసినవారికి కాక, మూలము గ్రహించినవారికి లొంగునది. శిక్షణలో నెగ్గినవారు సైంటిఫిక్ ఆఫీసరు 'సి' అను హోదాలో ప్రవేశింతురు.

అణువిద్యుత్కేంద్రములను నడపు న్యూక్లియర్ పవర్ కార్పొరేషన్ 1987లో ఏర్పడినది. అదియును గేట్ మార్కుల ఆధారముగా ఎగ్జిక్యూటివ్ ట్రైనీలను చేర్చుకొని, సంవత్సరము శిక్షణ యిచ్చి, అదే హోదాలో నియమించును. ఇందుచేత మన కళాశాలల విద్యార్థికి మొదటి పని గేట్ పరీక్షకు సిద్ధపడుట. మూడవ సంవత్సరముననే ఆ సంకల్పము కలుగవలెను. పట్టా చేతికి వచ్చిన పిదప కలిగినచో ఆలస్యమగును.

రెండవ ద్వారము డిప్లొమా చదివినవారిది, బి.ఎస్‌సి. పట్టభద్రులది. వీరిని మొదటి తరగతి స్టైపెండరీ ట్రైనీలుగా తీసికొని, శిక్షణానంతరము సైంటిఫిక్ అసిస్టెంటు 'బి' హోదా నిత్తురు. పదవ తరగతి పిమ్మట పాలిసెట్ పరీక్ష వ్రాసి పాలిటెక్నిక్‌లో చేరినవారికి ఇది చక్కని దారి.

మూడవ ద్వారము ఐ.టి.ఐ. చదివినవారిది. ఫిట్టరు, ఎలక్ట్రీషియను, టర్నరు, మెషినిస్టు, వెల్డరు, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ వంటి వృత్తులు నేర్చినవారిని రెండవ తరగతి ట్రైనీలుగా చేర్చుకొందురు. వారు టెక్నీషియను 'బి'గా నియమితులగుదురు. ఇవిగాక ఫ్యూయల్ కాంప్లెక్సు, ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ అప్రెంటిసులను కూడ తీసికొనును. అయితే అప్రెంటిసుగా చేరుట పని నేర్చుట మాత్రమే. అది స్థిరమైన ఉద్యోగమునకు హామీ కాదు. తల్లిదండ్రులకు ఈ భేదము స్పష్టముగా చెప్పవలెను.

పైకి పోవు మెట్లు

ప్రభుత్వోద్యోగములలో సాధారణముగా పై కుర్చీ ఖాళీ అయిననే క్రిందివాడు పైకి పోవును. అణుశక్తి శాఖలోని శాస్త్ర, ఇంజనీరింగు ఉద్యోగులకు వేరు పద్ధతి కలదు. ఇచ్చట ఖాళీలతో నిమిత్తము లేదు. నిర్ణీతకాలము పనిచేసిన ఇంజనీరు తాను చేసిన పనిని నిపుణుల సంఘము ఎదుట వివరింపవలెను. ఆ పనిలో యోగ్యత కనబడినచో హోదా పెరుగును. ఈ విధముగా 'సి' నుండి 'డి', 'ఇ', 'ఎఫ్', 'జి', 'హెచ్' వరకును, ఆపైన అవుట్‌స్టాండింగ్, డిస్టింగ్విష్డ్ సైంటిస్టు అను హోదాల వరకును మెట్లు కలవు. ఊరకనే కాలము గడపినవాడు మధ్యనే ఆగును. కృషి చేసినవాడు తన తోటివారికంటె ముందు నడచును.

డిప్లొమాతో చేరినవారును, ఐ.టి.ఐ.తో చేరినవారును తమ తమ శ్రేణులలో పైకి పోవుటేగాక, ఉద్యోగములో ఉండి పై చదువు చదివి, అర్హత సంపాదించి ఆఫీసరు శ్రేణికి పోవు అవకాశము కూడ కలదు. డిప్లొమా ముగిసిన పిదప ఇ-సెట్ పరీక్ష వ్రాసి నేరుగా ఇంజనీరింగు రెండవ సంవత్సరములో చేరి, మొదటి ద్వారమున పోవువారును కలరు.

విద్యుత్కేంద్రములో రియాక్టరు నడపు ఇంజనీరుకు వేరొక మెట్ల వరుస గలదు. కేవలము హోదా ఉన్నంతమాత్రమున ఎవరును మీటలపై చేయి వేయరాదు. మొదట పుస్తకపాఠములు, పిదప యంత్రముల ప్రక్క శిక్షణ, తరువాత అసలు నియంత్రణ గదిని పోలిన సిమ్యులేటరుపై అభ్యాసము, ఆపైన వ్రాత పరీక్ష, నడచి చూపు పరీక్ష, ముఖాముఖి ఉండును. ఇవన్నియు నెగ్గినవారికే లైసెన్సు లభించును. ఆ లైసెన్సుకు గడువు కలదు. గడువు తీరినపుడు మరల యోగ్యత నిరూపించుకొనవలెను. ఈ మెట్ల పైన షిఫ్ట్ చార్జ్ ఇంజనీరు ఉండును. రాత్రివేళ కేంద్రమంతయు అతని ఆజ్ఞకు లోబడి నడచును.

ఇంత శిక్షణ ఎందుకని యడుగవచ్చును. ఉత్తరప్రదేశములోని నరోరా కేంద్రమున 1993 మార్చి 31వ తేదీన జరిగిన ప్రమాదము దీనికి జవాబు చెప్పును. టర్బైను రెక్కలు విరిగి, హైడ్రోజను బయటపడి, పెద్ద మంట లేచినది. తీగలు కాలిపోయి కేంద్రమంతట విద్యుత్తు నిలిచిపోయినది. చీకటిలో, పొగలో, అచ్చటి ఉద్యోగులు రియాక్టరును ఆపిరి. ఆపినంత మాత్రమున రియాక్టరులోని వేడి చల్లారదు. నీరు పోయుచునే ఉండవలెను. వారు డీజిలుతో నడచు అగ్నిమాపక పంపుల ద్వారా నీరు పంపి వేడిని అదుపు చేసిరి. రేడియోధార్మికత బయటికి పొక్కలేదు. ఆ రాత్రి రియాక్టరును కాపాడినది వారు నేర్చిన విద్య, వారి ధైర్యము. పిమ్మట ఇతర కేంద్రములలోను టర్బైను రెక్కల రూపమును మార్చిరి. ఒక ప్రమాదమునుండి నేర్చుకొని పదిచోట్ల సరిదిద్దుటయు ఇంజనీరు ధర్మమే.

జీతము, జీవితము

ఏడవ వేతన సంఘపు పట్టికలో సైంటిఫిక్ ఆఫీసరు 'సి'కి తొలి మూలవేతనము 56,100 రూపాయలు, సైంటిఫిక్ అసిస్టెంటు 'బి'కి 35,400, టెక్నీషియను 'బి'కి 21,700 రూపాయలు. వీనికి కరువు భత్యము మున్నగునవి చేరును. పేరొందిన సాఫ్ట్‌వేరు సంస్థలు తొలినాడే ఇంతకంటె ఎక్కువ ఇచ్చుట కలదు. ఆ సంగతి దాచవలసిన పని లేదు. కాని ఇచ్చట ఉద్యోగము స్థిరమైనది. వైద్యము, నివాసము వంటి సదుపాయములు కలవు.

కష్టములును కలవు. విద్యుత్కేంద్రములు పట్టణములకు దూరముగా నిర్మింపబడును. రాజస్థానులోని రావత్‌భాటా, మహారాష్ట్రలోని తారాపూర్, కర్ణాటకలోని కైగా, గుజరాతులోని కాక్రపార, తమిళనాడులోని కల్పక్కము, కూడంకుళము అను చోట్ల పనిచేయవలసి రావచ్చును. రాత్రి వంతులు తప్పవు. ఇల్లు విడువజాలని యువకుడు ముందుగానే ఆలోచించుకొనవలెను. అయితే ఉద్యోగుల పిల్లలకై అణుశక్తి విద్యాసంఘము 1969నుండి పాఠశాలలు నడపుచున్నది. హైదరాబాదులోను, మణుగూరులోను అట్టి బడులు కలవు.

రానున్న కాలమున ఈ పరిశ్రమ పెరుగునా అను ప్రశ్న సహజము. 2025లో దేశపు అణువిద్యుత్ సామర్థ్యము సుమారు 8,800 మెగావాట్లు. అదే సంవత్సరపు కేంద్ర బడ్జెట్టులో 2047 నాటికి 1,00,000 మెగావాట్లు లక్ష్యముగా ప్రకటించి, చిన్న రియాక్టర్ల అభివృద్ధికి 20,000 కోట్ల రూపాయలు కేటాయించిరి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన 'శాంతి' చట్టము ఈ రంగమున ప్రైవేటు సంస్థలకును ద్వారము తెరచినది. లక్ష్యములో ఎంత నెరవేరునో కాలమే చెప్పవలెను. నేడు పదవ తరగతి చదువు బాలికకు 2047లో నలువది ఏండ్లు దాటవు. ఆ పని ఆమె తరమువారిదే.

భయము, భద్రత

అణుశక్తి యనగానే గ్రామములలో భయము కలుగుట వింత కాదు. 1986లో చెర్నోబిల్, 2011లో ఫుకుషిమా ప్రమాదములు లోకమునకు తెలిసినవే. నల్లమలలో యురేనియము త్రవ్వరాదని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానించినది. తుమ్మలపల్లె పరిసర గ్రామముల రైతులు మిల్లు వ్యర్థముల చెరువువలన తమ బోరునీరు చెడుచున్నదని ఫిర్యాదు చేసిరి. ఇట్టి ప్రశ్నలు వేయుట ప్రజల హక్కు. వానికి లెక్కలతో, పరీక్షలతో సమాధానము చెప్పుట ఇంజనీర్ల బాధ్యత.

పనిచేయువారి భద్రతకు గట్టి నియమములు కలవు. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి నిర్ణయించిన హద్దు ప్రకారము ఒక ఉద్యోగికి సోకు వికిరణము ఐదేండ్ల సగటున ఏటికి 20 మిల్లీసీవర్టులు మించరాదు. ఏ ఒక్క ఏటను 30 దాటరాదు. బయటి ప్రజలకు ఆ హద్దు ఏటికి 1 మాత్రమే. నేల, గాలి, ఆకాశములనుండి సహజముగానే ప్రతి మనుష్యునికి ప్రపంచపు సగటున ఏటికి సుమారు 2.4 మిల్లీసీవర్టులు సోకుచుండును. వికిరణ ప్రాంతములో పనిచేయు ప్రతి ఉద్యోగియు ఛాతీపై ఒక బిళ్ల ధరించును. అది అతనికి సోకిన మోతాదును నమోదు చేయును.

ఇచ్చట ఒక మాట ఆలోచింపదగినది. గని ప్రక్కన బావి గల రైతు కష్టము, రైతుబిడ్డయైన ఇంజనీరుకు తెలిసినంతగా వేరొకరికి తెలియదు. జలాశయముల నీటికొరకు కట్టుబాట్లను సహించిన చేవెళ్ల, మొయినాబాదు గ్రామముల బిడ్డలు ఆ పరిశ్రమలో చేరినచో, నీటి విలువ తెలిసిన మనుష్యులు నిర్ణయములు చేయు స్థానములో ఉందురు. ఇది ఉద్యోగముకంటె పెద్ద ప్రయోజనము.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగపు 73వ సవరణతో చేరిన పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. ప్రాథమిక, ఉన్నత పాఠశాలల విద్య, సాంకేతిక శిక్షణ, వృత్తివిద్య, గ్రంథాలయములు వానిలోనివే. కనుక ఈ క్రింది పనులు దయతో చేయునవి కావు, పంచాయతీ బాధ్యతలోనివి. 2025 డిసెంబరు ఎన్నికలలో క్రొత్తగా పదవి చేపట్టిన సభ్యులు వీనిని మొదటినుండియే ఆరంభింపవచ్చును.

మొదటిది, పట్టిక. గ్రామములో ఐ.టి.ఐ., డిప్లొమా, ఇంజనీరింగు చదువుచున్నవారు ఎవరు, ఏ శాఖ, ఏ సంవత్సరము అను పట్టిక పంచాయతీ కార్యాలయములో ఉండవలెను. ఎవరికి ఏ ప్రకటన పనికివచ్చునో దానివలన వెంటనే తెలియును.

రెండవది, ప్రకటనల పలక. కేంద్రప్రభుత్వ వారపత్రికయైన ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ ఆంగ్ల, హిందీ, ఉర్దూ భాషలలో వెలువడును; తెలుగులో వెలువడదు. అందుచేత ప్రకటన వచ్చిన సంగతి గడువు దాటిన పిదపగాని గ్రామమునకు తెలియదు. కళాశాలకు పోవు ఒక విద్యార్థికి ఈ పని అప్పగించి, వారమునకు ఒకసారి ముఖ్యమైన ప్రకటనల సారము తెలుగులో వ్రాయించి పలకపై అంటించినచో ఖర్చు లేకయే మేలు కలుగును.

మూడవది, పత్రములు. కుల, ఆదాయ ధ్రువపత్రములు సకాలమున లేకపోవుటచేత, పదవ తరగతి మెమోలోని పేరునకు ఆధారులోని పేరునకు పొత్తు కుదరకపోవుటచేత అవకాశము జారిపోవుట కలదు. షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులవారికి వయస్సులో సడలింపు కలదు. పత్రము లేనిచో ఆ సడలింపు దక్కదు. వేసవి సెలవులలో ఒక దినము నిర్ణయించి, మీసేవ కేంద్రము, తహసీలుదారు కార్యాలయముల సహాయముతో ఈ లోపములు సరిచేయింపవలెను.

నాల్గవది, బడి. ముఖాముఖిలో అడుగు ప్రశ్నకు వేరు ఎనిమిదవ తరగతి గణితములోనే ఉన్నది. గణిత, భౌతిక శాస్త్రముల ఉపాధ్యాయుల ఖాళీలున్నచో మండల విద్యాధికారికి వ్రాసి, నెరవేరువరకు అడుగుచుండవలెను. పదవ తరగతి మార్కుల ఆధారముగా గ్రామీణ విద్యార్థులను ఆరేండ్ల చదువునకు చేర్చుకొను బాసర విద్యాలయము 2008నుండి నడచుచున్నది. దానిని గురించియు తెలియజెప్పవలెను.

ఐదవది, బాలికలు. ఈ పరిశ్రమలో అర్హతలును, మెట్లును స్త్రీపురుషులకు సమానమే. పది ముగియగానే బాలిక చదువు ఆపివేయు కుటుంబముతో సర్పంచి, వార్డు సభ్యురాలు స్వయముగా మాటలాడవలెను. పెద్దమనుష్యుల మాటకు గ్రామములో నేటికిని విలువ కలదు.

ఆరవది, దళారులు. ఫలానా సంస్థలో ఉద్యోగమిప్పింతునని లక్షలు అడుగువాడు మోసగాడే. ఈ ఉద్యోగములు పరీక్ష, ముఖాముఖి ద్వారానే లభించును. అభ్యర్థి చెల్లింపవలసినది ప్రకటనలో చెప్పిన కొద్దిపాటి దరఖాస్తు రుసుము మాత్రమే. భూమి అమ్మి దళారి చేతిలో పోయుటకు ముందు ఏ తండ్రియైనను పంచాయతీతో ఒక మాట చెప్పునంతటి నమ్మకము గ్రామములో కలిగింపవలెను.

గ్రామసభలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన గ్రామములో ఇంజనీరింగు, డిప్లొమా, ఐ.టి.ఐ. చదువుచున్నవారు ఎందరు? వారిలో గేట్ పరీక్షను గురించి విన్నవారు ఎందరు?

2. గడచిన సంవత్సరము పది ఉత్తీర్ణులై చదువు మానిన బాలికలు ఎవరు? కారణమేమి?

3. మన ఉన్నత పాఠశాలలో గణితము, భౌతికశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు ఉన్నారా? ప్రయోగశాల తెరచి యున్నదా?

4. కేంద్రప్రభుత్వ సంస్థలలో పనిచేయుచున్నవారు మన గ్రామమున ఎవరైన ఉన్నచో, వారు సెలవుకు వచ్చినపుడు విద్యార్థులతో ఒక పూట మాటలాడుటకు ఏర్పాటు చేయవచ్చునా?

ఈ ప్రశ్నలకు సమాధానములు వ్రాసికొన్ననాడే పని సగము మొదలైనట్లు. మఱ్ఱిచెట్టు నాటినవాడు దాని నీడన కూర్చొనుటకు కాక, రాబోవు బాటసారి కొరకు నాటెను. మన రాజమార్గముపై నేటికిని ఆ నీడ కలదు. గ్రామములోని ఒక విద్యార్థికి సరియైన దారి చూపుటయు అట్టి పనియే. దాని ఫలము మన పదవీకాలములో కనబడకపోయినను, గ్రామమునకు మాత్రము తప్పక దక్కును.